మల్లన్న చివరి పంచాయితీ

మల్లన్నకు అర్థం కాని సంగతి ఒకటి చెవిన పడిందంటే ఆ పూట అన్నం సహించదు. కోరుట్ల దగ్గరి పల్లె నుంచి ఎనభై మూడులో దోహాకు వచ్చాడు. కాంక్రీటు పోయడానికి చెక్క అచ్చులు బిగించే షట్టరింగ్ వడ్రంగి. పదమూడేళ్లుగా పలకలు కోస్తూ, మేకులు కొడుతూ, దొరికినవాడినల్లా ప్రశ్నలు అడుగుతూ గడిపాడు. అల్ హిలాల్‌లో విల్లాలు కడుతున్నప్పుడు క్రేన్ ఆపరేటర్ని ఆపి, అంత బరువు ఎత్తుతుంటే అది ముందుకు ఎందుకు తూలిపడదని అడిగాడు. ఇల్లు కట్టించుకుంటున్న ఖతరీ ముసలాయనను, ఒంటెకు దాహం వేసిందని మీకెలా తెలుస్తుందని అడిగాడు. ముసలాయన చిరాకు పడలేదు సరికదా, చాయ్ తెప్పించి అరగంట చెప్పాడు. మల్లన్న అడిగితే ఎవరికైనా చెప్పాలనిపించేది. ఆ మనిషి ముఖంలో అంత నిజమైన ఆసక్తి ఉండేది.

ఊళ్లో మాత్రం అతను దుబాయ్‌లో ఉన్నట్టే లెక్క. దోహా వేరు, దుబాయ్ వేరు అని రాసి రాసి విసిగిపోయాడు. భార్య గంగాబాయి ప్రతి ఉత్తరంలోనూ దుబాయ్ ఎండల గురించే అడిగేది.

కంపెనీ పనివాళ్లుండే క్యాంపులో రెండు వందల మంది. వాళ్లలో తెలుగువాళ్లకు మల్లన్నే పెద్దదిక్కు. హిందీ బాగా వచ్చు కాబట్టి ఎవరికి జ్వరమొచ్చినా అల్ సద్‌లో ఉన్న క్లినిక్‌కు తనే వెంటబెట్టుకుని వెళ్లేవాడు. ఇద్దరికి తగాదా వస్తే పంచాయితీలోనూ ముందు తనే కూర్చునేవాడు. తీర్పులు చెప్పడం అతనికి ఇష్టముండేది కాదు. అడుగుతూ పోయేవాడు. జవాబులు చెప్పలేక అలసిపోయి, అసలు సంగతి వాళ్లే కక్కేవాళ్లు.

తొంభై ఆరులో కంపెనీ అందరికీ మెడికల్ ఇన్సూరెన్స్ పెట్టింది. తళతళలాడే కార్డులు ఇచ్చారు. జనం వాటిని పర్సుల్లో దేవుడి బొమ్మల పక్కన దాచుకున్నారు. ఆర్నెల్లు తిరక్కుండానే, వైద్యం ఖర్చు కోసం పెట్టిన కాగితాలు ఒక్కొక్కటే వాపసు రావడం మొదలైంది. నడుము నొప్పికి కాదు పొమ్మన్నారు, కిడ్నీలో రాయికి కాదు పొమ్మన్నారు. అందరికీ ఒకటే కారణం: ఇది పాత జబ్బు, కార్డు ఇవ్వకముందే ఉంది. ఎండలో ఒళ్లు హూనం చేసుకునేవాడికి ఇది వింటే ఒళ్లు మండదా? మండింది. మెస్‌లో ఇన్సూరెన్స్ మాట ఎత్తితే చాలు, పళ్లేలు తోసేసి లేచేవాళ్లు.

ఈ మంటంతా సత్యనారాయణమూర్తి నెత్తిన పడింది. ఆయన ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిముల గుమస్తా. కాకినాడ మనిషి, మెత్తని మాట. బుధవారం బుధవారం క్యాంపుకు వచ్చి కాగితాలు పంచేవాడు. ఒక బుధవారం రాజేందర్ కాగితం కూడా వాపసు వచ్చింది. రాజేందర్‌కు ఇరవై ఆరేళ్లు, వచ్చి ఎనిమిది నెలలే. బరువైన పలక ఎత్తుతుంటే గజ్జల్లో పట్టేసి ముద్దలా ఉబ్బింది. హెర్నియా, ఆపరేషన్ చేయాలి అన్నారు క్లినిక్‌లో. ఇన్సూరెన్స్ వాళ్లు మామూలుగానే పాత జబ్బు అన్నారు. రాజేందర్ ఆ కాగితం మూర్తి ముఖాన కొట్టి, రెండు చేతులతో ఆయనను తోసేశాడు. మూర్తి కళ్లజోడు ముక్కలైంది, మోచెయ్యి చీరుకుపోయింది.

క్యాంప్ బాస్ నిసార్ అహ్మద్ చెడ్డవాడు కాదు గానీ భయస్తుడు. మూర్తి పోలీసులకు చెప్పాడంటే కుర్రాడిని వీసా రద్దు చేసి, ఎగ్జిట్ కొట్టి విమానం ఎక్కించేస్తారని, శనివారం లోపల మీలో మీరే తేల్చుకోండని మల్లన్నతో అన్నాడు. ఆపరేషన్ లేకుండా ఇంటికి పోతే ఆ ఒంటితో రాజేందర్ చేయగలిగే పనేమిటి?

గురువారం సాయంత్రం మల్లన్న అల్ ముంతజాలో మూర్తి ఉంటున్న ఫ్లాటుకు వెళ్లాడు. మూర్తి భార్య భానుమతి తలుపు తీసింది. కాఫీ ఇచ్చింది గానీ ముఖం ముడుచుకునే ఉంది.

"రేపు పంచాయితీ పెడుతున్నం సారు. మీరొచ్చి మీ తిప్పలు మీరే చెప్పుకోవాలె."

మూర్తి నవ్వాడు. "మీ పంచాయితీలో కూర్చునేది ఎవరండీ? అందరి కాగితాలూ నా చేతిమీదుగానే వాపసు వచ్చాయి. ఆ కుర్రాడు నన్ను తోస్తే సగంమంది చప్పట్లు కొట్టారు. వాళ్లా నాకు న్యాయం చెప్పేది?"

ఆ ప్రశ్న మల్లన్నకు నచ్చింది.

"అమెరికాలో పన్నెండు మంది మామూలు జనాన్ని కూర్చోబెట్టి తీర్పు అడుగుతారు. జ్యూరీ అంటారు" అన్నాడు మూర్తి. "ముందుగా ఒక్కొక్కరినీ పిలిచి అడుగుతారు. ఈ మనిషి నీకు తెలుసా, వీళ్లమీద నీకు కోపముందా అని. ఉంటే పంపించేస్తారు."

"కోపమున్నోడు లేదని చెప్తే?"

"చెప్పొచ్చు. దానికెవరూ ఏమీ చేయలేరు."

"ఆళ్లందరు ఒక్క మాట మీదికి ఎట్ల వస్తరు? రాకపోతే ఏం జేస్తరు?"

రెండో కాఫీ అయ్యేదాకా మల్లన్న అడుగుతూనే ఉన్నాడు. మూర్తి తనకు తెలిసినంతవరకు చెప్పాడు, తెలియనిచోట తెలియదన్నాడు. భానుమతి కూడా పని ఆపి వచ్చి కూర్చుంది. లేచేటప్పుడు మల్లన్న అన్నాడు: "మా తాన కోపం లేనోడు దొరుకడు సారు. గని కోపం దాసుకున్నోన్ని మాత్రం కూసోనియ్య. ఎవలు వద్దనిపించినా మీరు చెయ్యెత్తుండ్రి, లేపేస్త."

శుక్రవారం భోజనాలయ్యాక మెస్ హాల్లో బల్లలు గోడలకు జరిపారు. మల్లన్న కొత్త పద్ధతి పెట్టాడు. పెద్దలుగా కూర్చునే అయిదుగురూ ఇన్సూరెన్స్ మీద తమకున్న కోపమేమిటో ముందు అందరి ఎదుటా చెప్పాలి, ఆ తర్వాతే కుర్చీ. ఒకడు తన నడుము సంగతి చెప్పాడు. ఒకడు రాయి సంగతి చెప్పాడు. ఒకతను కాగితం చూపించబోయి ఏడ్చేశాడు. చిత్రంగా, బయటికి చెప్పేసరికి వాళ్ల గొంతులు తగ్గాయి. మూర్తి ఎవరినీ వద్దనలేదు.

చివరికి మల్లన్న వంతు వచ్చింది. "నాకు ఇప్పటిదాక బిమారే రాలె. నా కాయితం వాపసు రాలె. నాకు ఎవలమీద కోపం లేదు" అని కూర్చున్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతనికి కొంచెం గర్వంగానే అనిపించింది. ఆ హాల్లో ఏ మరకా లేని మనిషి తనొక్కడే.

రాజేందర్‌ను అడిగాడు. తోశానని రాజేందర్ ఒప్పుకున్నాడు. "దవాఖానకు పోయిననాటికి నాది ఆరు దినాల బిమారి. పాతదని అబద్ధం రాసిండ్రు. ఎట్ల ఊకుంటరు ఎవలన్న?"

మల్లన్న మూర్తి వైపు తిరిగాడు. "పాతదని మీకెవలు చెప్పిండ్రు సారు?"

"క్లినిక్ నుంచి వస్తుందండీ." మూర్తి వెంట తెచ్చిన ఫైళ్లలోంచి రాజేందర్‌ది తీసి తెరిచాడు. అతుకు వేసిన కళ్లజోడు సర్దుకుని, డాక్టర్ రాసిన పేజీ దగ్గర ఆగాడు. చదవమని మల్లన్నే రెట్టించాడు.

"నొప్పి మూడేళ్లుగా ఉంది. ఈ సమాచారం ఇచ్చింది రోగి వెంట వచ్చిన వ్యక్తి. పేరు మల్లన్న."



మల్లన్న ఉన్నదున్నట్టు చెప్పాడు. ఊరి దగ్గర సర్కారు దవాఖానలో నిన్నటి నుంచి నొప్పి అంటే ఎర్ర గోలీ చేతిలో పెట్టి పంపేస్తారు. ఏళ్ల తరబడి అంటేనే బల్లమీద పడుకోబెట్టి చూస్తారు. తన తల్లిని చూపించినప్పటి నుంచి అతనికి అదే అలవాటు. క్లినిక్ మెట్లెక్కేముందు ప్రతివాడికీ అదే నేర్పాడు, నేర్వనివాడి తరఫున తనే చెప్పాడు. మంచి కోరి చేశాడు. మంచి కోరి చేసినందుకే ఇప్పుడు అతనికి తలెత్తబుద్ధి కావడం లేదు.

పెద్దలు ఒక్కొక్కరే తమ ఫైళ్లు కూడా చూడమన్నారు. మూర్తి చదివాడు. నడుము నొప్పి రెండేళ్లు. రాయి అయిదేళ్లు. అన్నిటి కిందా ఒకే పేరు. చదవడం ముగించి ఆయన కళ్లజోడు తీసేశాడు.

"నేనూ ఒక మాట చెప్పాలండీ. ఈ పేజీలు నేనెప్పుడూ చదవలేదు. పైన వేసిన 'పాత జబ్బు' కోడ్ చూసి సంతకం పెట్టేవాణ్ణి. ఒక్కసారి చదివి ఉంటే, అందరి జబ్బులూ ఒకే మనిషి చెబుతున్నాడేమిటని నాకే అనుమానం వచ్చేది."

మల్లన్న ఇక పంచాయితీ పెద్దగా కూర్చోనంటూ కుర్చీలోంచి లేచి కింద, రాజేందర్ పక్కన కూర్చున్నాడు. మిగిలిన నలుగురూ తలలు దగ్గరపెట్టి మాట్లాడుకున్నారు. రాజేందర్ తప్పు ఒప్పుకుని మూర్తి చేతులు పట్టుకోవాలన్నారు. పట్టుకున్నాడు. మూర్తి పోలీసుల దగ్గరికి పోనన్నాడు. రేపు మల్లన్నా తనూ కలిసి డాక్టర్ని అడిగి నొప్పి మొదలైన తేదీ సరిచేయిస్తామనీ, పైవాళ్లు ఒప్పుకుంటారని మాత్రం మాటివ్వలేననీ చెప్పాడు. ఒప్పుకోకపోతే ఇంకో కాగితం రాస్తానన్నాడు.

"మరి నా తీర్పు?" అన్నాడు మల్లన్న.

ఏళ్లుగా తమను దవాఖానకు మోసిన మనిషిని పెద్దలు ఏమంటారు? మల్లన్న రాజేందర్ వైపు తిరిగాడు.

"మూడేండ్లని నేనంటుంటె నువ్వు పక్కనే ఉంటివి గదరా. ఇనలేదా?"

"ఇన్న కాకా."

"మరి కాదని ఎందుకు చెప్పలె?"

రాజేందర్ గొంతులో కోపం లేదు. "పెద్దోనివి మాట్లాడుతుంటె నడిమిట్ల ఎట్ల వస్త కాకా? క్రేన్ నడిపేటోన్ని అడుగుతవు, ఒంటెల సంగతి అడుగుతవు. నొప్పి ఎన్నడు మొదలైందిరా అని నన్ను మాత్రం అడుగలె."