ఇంజను పేరెత్తకుండా చెప్పమన్న మనిషి

మాకు సేద్యం సంగతులు చెప్పే గ్రామసేవక్ సారు పోయిన వారం హిందూపురంలో కన్నుమూశారు. ధర్మవరం బస్సులో ఎవరో అనుకుంటుంటే విన్నాను. పెనుకొండలో సంతాపసభకు పోయాను. ఒక అధికారి లేచి, "ఊరూరా ఆయిల్ ఇంజన్లు పెట్టించిన మహానుభావుడు" అని పొగిడాడు. నాకు ఒళ్ళు మండింది. ఆయన చేయని పనిని ఆయన నెత్తిన పెడితే, చేసిన పని ఎవరు చెప్పాలి?

అప్పట్లో మా వైపు, బావి నీళ్ళు తోడే ఇంజన్ల పథకం వచ్చింది. నా వేరుశెనగ చేను ఏటేటా పలచబడుతోంది. ఇంజనుకు నా వాటా కట్టడానికి ఎద్దుల జతను అమ్మేదానికి బేరం కుదుర్చుకున్నాను. అవి పోతే దుక్కికి ఇంకొకరి గడప తొక్కాల్సిందే.

సారు వచ్చి, "నీ కష్టమేందప్పా?" అన్నారు.

"ఇంజను లేదు సారూ."

"అది ఆఫీసులో ఉండాది. నీ కష్టం యాడుండాది? ఇంజను పేరెత్తకుండా చెప్పు."

పక్క చేను రైతు నవ్వాడు. "ఏం సారూ, పెండ్లికొడుకు పేరెత్తకుండా పెండ్లి మాట్లాడమంటాండారే!"

"పైరు ఎండుతాంది" అన్నాను.

"ఎండేదానికి ముందు మొలిచిందా?"

చేనికి పోయి చూశాం. సాళ్ళ నిండా ఖాళీలే. గట్టు అవతల, అదే వానకు, పక్క చేను నిండుగా మొలిచింది. ఎందుకో సారు చెప్పలేదు. మమ్మల్నే అడిగారు. చివరికి నా భార్య నోరు విప్పింది.

"మేము విత్తనం కాయలు తడిపి ఒలుస్తాం సారూ, వేళ్ళు నొప్పెట్టకుండా. ఒలిచి మూటగట్టి పెడతాం. వాళ్ళు పొడికాయలే ఒలుస్తారు, అదీ విత్తే ముందర."

మా ఇంట్లో అవ్వల కాలం నుంచీ అంతే. ఆ తడికి విత్తనం మూటలోనే చెడుతుందని ఎవరికి తోస్తుంది?

"ఒక మూల అట్ల వేసి చూడప్పా. ఎద్దుల్ని ఆనక అమ్ముదువు" అన్నారు సారు.

మరుసటి ఏడు ఆ మూల మొలక ఒత్తుగా వచ్చింది. ఎద్దుల బేరమూ, ఇంజనూ రెండూ మానుకున్నాను. నన్ను చూసి ఇంకొందరు రైతులూ ఆగారు.

దానికి ఆయనకు దక్కిందేమిటి? పథకం అధికారి జీపులో వచ్చి, మా ముందే సారు మీద అరిచాడు: "ఇంజన్లు రైతులే వద్దంటున్నారా, నువ్వు అనిపిస్తున్నావా?" కొద్దిరోజులకే సారును బదిలీ పేరుతో అమరాపురం వైపు తోసేశారు. మా ఊళ్ళో ఒకరు తొందరపడి తీసుకున్న ఇంజను నీళ్ళు లేని బావి గట్టున తుప్పుపట్టింది. దాని కింద కోళ్ళు గుడ్లు పెట్టాయి. ఆ మాట సభలో ఎవరూ ఎత్తలేదు.

నేను లేచాను. సభలో నోరు తెరవడం అదే మొదలు. "అయ్యా, ఆయన మాకు ఇంజన్లు తేలేదు. మా ఎద్దుల్ని నిలబెట్టినాడు" అన్నాను. "కూర్చో పెద్దాయనా, టైము లేదు" అన్నారు.

సారుకు ఎప్పుడూ టైము ఉండేది. ఏదైనా అడిగితే మా ముఖాల వంక చూసేవారు కాదు. చూస్తే మేం బెదిరి, ఏదో ఒకటి అనేస్తామని. గట్టు మీద గొంతుక్కూచుని, సైకిలు చక్రానికి అంటిన ఎర్రమట్టిని పుల్లతో గీకుతూ ఉండేవారు. మట్టంతా రాలిపోయినా, మాకు జవాబు తోచేదాకా, ఆ పుల్ల ఆడుతూనే ఉండేది.