ప్రెసిడెంటమ్మ రిజిస్టర్లో పోయిన పోచయ్య మామ

మా వంశంలో చీమ ఆయుష్షు తగ్గించినవాడు కూడా లేడు. నేనొక్కణ్ణే, ఇరవై ఆరేళ్ళ వయసులో, నిక్షేపంలాంటి ఒక పెద్దమనిషిని పేజీ నంబరు వేసి మరీ పైలోకానికి పంపించాను. ఆయన పోలేదు. అక్కడే వచ్చింది గొడవంతా. పోయుంటే ఈపాటికి నేను ఆయనకు దండం పెట్టుకుని హాయిగా ఉండేవాణ్ణి.

కంగారు పడకండి, మొదట్నుంచే చెబుతాను.

అప్పుడు నేను ఒక మండల ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని. ఏ మండలమో అడగొద్దు. సొంత బిల్డింగు కట్టేదాకా మా ఆఫీసు మెదక్ టౌన్లో ఒక కిరాయి ఇంట్లో ఉండేది. హాల్లో సూపరింటెండెంటు గారు, పడగ్గదిలో నేను, వంటింట్లో రికార్డులు. పాత ఫైలు కావాలంటే పప్పు డబ్బాల అర వెతకాలి.

నా ఉద్యోగంలో ముఖ్యమైన పని ఒక్కటే: మండల ప్రెసిడెంటు గారి రోజువారీ రిజిస్టరు. ఆమె ఏ రోజు ఎక్కడికి వెళ్ళింది, ఎవరిని కలిసింది, ఏం మాట్లాడింది, ఎంతమంది వచ్చారు, అన్నీ రాయాలి. గవర్నమెంటులో కొన్ని కాగితాలను కొన్నేళ్ళకు చింపేస్తారు. ఈ రిజిస్టరు అట్ట మీద మాత్రం ఎర్ర సిరాతో ముద్ర ఉండేది: 'శాశ్వత రికార్డు. నాశనం చేయరాదు.' అంటే మనవలు పుట్టి, వాళ్ళకు మనవలు పుట్టినా, ఫలానా మంగళవారం మా ప్రెసిడెంటమ్మ బోరింగు ప్రారంభించిన సంగతి భద్రంగా ఉంటుందన్న మాట.

మా ప్రెసిడెంటు బాలమణమ్మ గారు కాలికి చక్రాలు కట్టుకుని పుట్టిన మనిషి. పొద్దున్న ఒక ఊళ్ళో పంచాయితీ, మధ్యాహ్నం ఇంకో ఊళ్ళో పెళ్ళి, సాయంత్రం సొంత పొలంలో నాట్లు. రోజూ సాయంత్రం నేను ఫోన్ చేసి అడిగి రాసుకోవాలి. అడిగితే ఏమనేదంటే:

"ఏం నర్సింలూ, నేను ఏడికి పోయిన్నో గవర్నమెంటుకెందుకయ్యా? నా పెనిమిటే అడగడు గిన్నిసార్లు!"

ఈ తిట్లు రోజూ తినడం ఎందుకని నేనొక ఉపాయం కనిపెట్టాను. సోమవారం ఒక్కసారి ఫోన్ చేసేవాణ్ణి. వారంలో ఎక్కడెక్కడికి వెళతారో అడిగేవాణ్ణి. శనివారం దాకా అప్పుడే రాసి, పెన్ను జేబులో పెట్టుకునేవాణ్ణి. జరిగాక రాసేవాడు గుమాస్తా, జరగకముందే రాసేవాడు జ్ఞాని అని నా అభిప్రాయం. ఏడు నెలలు ఒక్క తప్పు దొర్లలేదు. గర్వం కొబ్బరిచెట్టంత పెరిగింది.

ఇక్కడొక రహస్యం చెప్పాలి. ఆ నెలాఖరుకు నా ప్రొబేషన్ ముగుస్తుంది. తూప్రాన్లో నాకొక సంబంధం ఖాయమైంది. పిల్ల నాకు నచ్చింది, నేను పిల్లకు నచ్చాను. పిల్ల తండ్రి మాత్రం ఒకే మాట మీద ఉన్నాడు: "పర్మనెంట్ ఆర్డరు నా కండ్లతోని సూసినంకనే ముహూర్తం." కాబట్టి నా పెళ్ళి ఆ ఆర్డరు కాగితం మీద నిలబడి ఉంది.

అలాంటి నెలలో ఒక సోమవారం ఫోన్ చేశాను. బాలమణమ్మ గారి గొంతు బొంగురుపోయింది.

"మా పోచయ్య మామకు సీరియస్ నర్సింలూ. పట్నం దవాఖానల డాక్టర్లు చేతులెత్తేసిండ్రు. ఇయ్యాల్నో రేపో అన్నట్టుంది. నువ్వు ఈ వారమంత నాకు ఫోన్ చెయ్యకు, జర పుణ్యముంటది."

నా మనసు కరిగింది. ఆమెను ఇబ్బంది పెట్టకూడదు! పైగా మంగళ, బుధవారాలు సెలవు పెట్టి తూప్రాన్ వెళ్ళాలి, కాబోయే అత్తగారు బొబ్బట్లు చేస్తానన్నారు. రిజిస్టరు తెరిచాను. సోమవారం, దవాఖానలో పరామర్శ. మంగళవారం, పోచయ్య గారి మరణం. బుధవారం, అంత్యక్రియలు. శుక్రవారం, మూడో దినం. రోగి మంచం దిగనే లేదు, నేను పాడె ఎక్కించేశాను. అంతటితో ఊరుకున్నానా? చనిపోయినాయన ప్రెసిడెంటమ్మకు స్వయానా మేనమామ, నాలుగు మంచి ముక్కలు లేకపోతే బాగుంటుందా అని బుధవారం పేజీ నిండా పొగిడాను. రాస్తూ రాస్తూ నాకే కళ్ళు చెమర్చాయి, అది వేరే సంగతి.

తూప్రాన్లో ఏడు బొబ్బట్లు తిని (అత్తగారి లెక్క ప్రకారం పదకొండు) గురువారం ఆఫీసుకొచ్చాను. సూపరింటెండెంటు జయరాజ్ సార్ కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. ఆదివారమైతే చర్చిలో పాట పాడే గొంతు ఆయనది. మిగతా ఆరు రోజులూ అదే గొంతుతో మెమోలు చదివేవారు.

"వచ్చినవా నర్సింలూ. రేపు జిల్లా నుంచి సార్ వస్తుండు, ఇన్స్పెక్షన్. శాశ్వత రిజిస్టర్లే సూస్తడంట. నీ ప్రొబేషన్ ఫైలు సుత గప్పుడే."

"మనదంతా అప్‌టుడేట్ సార్!" అన్నాను ఛాతీ విరిచి. అప్‌టుడేట్ ఏమిటి, శనివారం దాకా ఉంది!

"మంచిది. ఇంకో ముచ్చట ఇన్నవా? ప్రెసిడెంటమ్మ మామను ఇంటికి తెచ్చిండ్రంట, లేచి కూసున్నడంట. కల్లు తెమ్మని లొల్లి చేస్తుండంట."

ఛాతీ అక్కడే కూలబడింది. కడుపులో ఏడు బొబ్బట్లూ లేచి నిలబడ్డాయి. వంటింట్లోకి పరుగెత్తి రిజిస్టరు తెరిచాను. నా గుండ్రటి అక్షరాల్లో పోచయ్య మామ ప్రశాంతంగా కాలిపోతున్నాడు.

చింపేద్దామా? ప్రతి పేజీకి నంబరు, నంబరు మీద ముద్ర, మొదటి పేజీలో 'ఇందులో నాలుగు వందల పేజీలు కలవు' అని ధ్రువీకరణ. ఒక్కటి తగ్గితే నా నౌకరీ తగ్గుతుంది. తెల్లరంగు పూద్దామా? శాశ్వత రికార్డుకు తెల్లరంగు పూస్తే నాకు సున్నం పూస్తారు. కొట్టేద్దామా? కొట్టివేతకు పక్కన పై అధికారి పొట్టి సంతకం కావాలి. అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నారు పెద్దలు. నేను తొక్కిన అడుసులో కాలు కడుక్కునే చెంబు నీళ్ళకు కూడా పొట్టి సంతకం కావాలి!

జయరాజ్ సార్ కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పేశాను. ఆయన పేజీ మొత్తం చదివి కళ్ళజోడు తీశారు.

"మూడో దినాన లేచిన సంగతి మా చర్చిల చదువుతం నర్సింలూ. మండల రిజిస్టర్ల చదువుడు ఇదే మొదలు."

"సార్, ఒక్క పొట్టి సంతకం..."

"నా రిటైర్మెంటు నాలుగు నెల్లున్నది బిడ్డా. సార్ ముంగట నిజం ఒప్పుకో. గంతకంటె తొవ్వ లేదు."

నిజం ఒప్పుకునే వయసా అది! బయటికొచ్చి ప్రెసిడెంటమ్మకు ఫోన్ కొట్టాను.

"అమ్మా, మామకు ఎట్లుంది?"

"మస్తుగుండు. పొద్దుగాల రెండు రొట్టెలు తిన్నడు."

"అయ్యో!"

"అయ్యో ఏందయ్యా?"

"అంటే... రెండేనా అమ్మా, అని!"

ఫోన్ పెట్టేశాక నా చెంప నేనే వాయించుకున్నాను. చదువరులారా, నన్ను ఎంతైనా తిట్టండి. ఆ గురువారం సాయంత్రం దాకా నా మనసు ఒక మూల నుంచి 'మళ్ళీ కొంచెం సీరియస్ అయితే బాగుండు' అంటూనే ఉంది, నేను దాన్ని తంతూనే ఉన్నాను. రిజిస్టరు నిజం కావాలంటే మనిషి పోవాలి. మనిషి ఉంటే నా పెళ్ళి పోవాలి. రెంటి మధ్యా నేను రోకలి కింద గింజనయ్యాను.

శుక్రవారం పదకొండుకి జిల్లా సార్ వచ్చారు. సన్నగా, గెడకర్రకు చొక్కా తొడిగినట్టున్నారు. కుర్చీలో కూర్చోకముందే, "ప్రెసిడెంటు రిజిస్టర్ తీస్కరండ్రి" అన్నారు. నేను వంటింట్లోంచి దాన్ని శవం మోసినట్టు మోసుకొచ్చాను. సార్ మొదటి నెల నుంచి తిరగేస్తున్నారు. ఒక్కో పేజీ తిరిగినప్పుడు నా గుండె ఒక్కో మెట్టు దిగింది.

అప్పుడే గుమ్మంలో ఆటో ఆగింది.

దిగింది బాలమణమ్మ గారు. ఆమె భుజం పట్టుకుని దిగిన మనిషి, తెల్ల ధోవతి, తలకు మఫ్లరు, చేతిలో కర్ర, ఎవరో చెప్పాలా?

"మామకు ఈడ రక్తపరీక్ష ఉండె సార్. గప్పటిదాక జర ఫ్యాన్ కింద కూసోబెడదామని తెచ్చిన," అంది ఆమె.

"కూసోండ్రి పెద్దయ్యా," అన్నారు సార్, తల ఎత్తకుండానే. సరిగ్గా ఆ క్షణాన బుధవారం పేజీ వచ్చింది. నేను మనసులో అన్ని దేవుళ్ళకూ మొక్కాను, జయరాజ్ సార్ దేవుడితో సహా. సార్ ఇష్టంగా పైకి చదవడం మొదలుపెట్టారు.

"గౌరవ అధ్యక్షురాలు ఉదయం పది గంటలకు కీర్తిశేషులు పోచయ్య గారి అంత్యక్రియలకు హాజరై కన్నీరుమున్నీరుగా విలపించినారు. పోచయ్య గారు అజాతశత్రువనియు, ఊరికి పెద్ద దిక్కనియు, వారి లోటు పూడ్చలేనిదనియు కొనియాడినారు. సుమారు మూడు వందల మంది హాజరైనారు. వాతావరణము మేఘావృతము." సార్ తల ఎత్తారు. "పాపం. ఎవరమ్మా ఈ పోచయ్య?"

అప్పుడు మూలనుంచి కర్ర టక్కుమంది.

"నేనే సార్."

సార్ ఆయన్ను చూశారు. రిజిస్టరును చూశారు. మళ్ళీ ఆయన్ను చూశారు. తరువాత ముగ్గురూ కలిసి నన్ను చూశారు. సోమవారం ఫోన్ నుంచి బొబ్బట్ల దాకా అంతా కక్కేశాను.

"మనిషిని ముందుగాల రాసినవ్, సరే," అన్నారు సార్ పళ్ళు కొరుకుతూ. "మబ్బులు సుత ముందుగాలనే రాసినవా?"

పోచయ్య మామ మాత్రం ఇంకో లోకంలో ఉన్నాడు. మేనకోడలి వైపు తిరిగాడు.

"బాలమణీ, నా కోసం గట్ల ఏడ్చినవా?"

"యాడ ఏడుస్త మామా, నువ్వు సస్తే కద!"

ఇక ఆయన కర్ర నా వైపు తిరిగింది. "ఏమయ్యా, నీకు బుద్ధి ఉన్నదా?"

"తప్పయింది పెద్దయ్యా..."

"మూడొందల మందేనా? నా సావుకు మూడొందల మందేనా? మా ఊరే రెండు వేలుంటది! చుట్టాలు, శంకరంపేట వియ్యపోళ్ళు, కౌడిపల్లి దోస్తులు, గాళ్ళంత ఏడికి పోయిండ్రు?"

జీవితంలో నేను ఒక్కసారే అంకె తగ్గించి రాశాను, అక్కడే దొరికాను.

సార్ ఎర్ర పెన్ను తీశారు. "ఇది కొట్టెయ్యాలె. మొత్తం పేజీ."

"ఆగుండ్రి సార్!" కర్ర మళ్ళీ టక్కుమంది. "సచ్చిండన్న కాడ కొట్టెయ్యుండ్రి. అజాతశత్రువు, పెద్ద దిక్కు, గవి ఉంచుండ్రి. డెబ్బయి ఎనిమిదేండ్ల సంది నన్ను గట్ల ఒక్కడన్న అన్నడా? గది శాశ్వతమంటిరి కద!"

సార్ పెదవి బిగబట్టారు, కానీ భుజాలు కదులుతున్నాయి. మంగళవారం మరణాన్ని, శుక్రవారం మూడో దినాన్ని కొట్టేశారు. బుధవారం పేజీలో 'కీర్తిశేషులు', 'అంత్యక్రియలు', 'విలపించినారు' అన్నవాటి మీద గీత గీసి, పక్కన ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు: 'మృతుడు స్వయముగా హాజరై అభ్యంతరము తెలిపినందున కొట్టివేయడమైనది.' పొట్టి సంతకం చేశారు. కింద మృతుడు వేలిముద్ర వేశాడు. ఆ పేజీ ఇప్పటికీ ఉంది, శాశ్వతంగా.

నా ప్రొబేషన్ను మూడు నెలలు పొడిగించారు. దానికి ప్రెసిడెంటమ్మ తన శిక్ష కలిపింది: "రేపటి సంది పొద్దుగాల అయిదింటికి మా ఇంట్ల ఉండాలె. నేను బర్రె పాలు పిండేకాడి సంది ఎన్క ఎన్క తిరిగి, కండ్లతోని సూసింది రాయాలె." మూడు నెలలు తిరిగాను. ఆ మనిషి ఒక్క రోజులో చేసే పని రాయడానికి పేజీ చాలేది కాదు. నేను ఆఫీసులో కూర్చుని ఊహించి రాసిన ఏడు నెలల పేజీల్లో ఆమె సగం కూడా లేదు, అప్పుడు నిజంగా సిగ్గేసింది.

మరి తూప్రాన్? ఆర్డరు రాలేదని కాబోయే మామగారికి చెప్పే ధైర్యం నాకు లేదు. ఎవరు వెళ్ళారనుకున్నారు? కర్ర పట్టుకుని, మఫ్లరు చుట్టుకుని, పోచయ్య మామ!

"పోరడు మంచోడే," అన్నాడట వాళ్ళింట్లో కూర్చుని. "నన్ను జర తొందరపడి సంపిండు గానీ, మంచిగ సంపిండు. మూడు నెల్లు ఆగుండ్రి. పిల్ల సుఖపడతది."

చచ్చినవాడే వచ్చి పూచీ పడితే ఎవరు కాదంటారు? మూడు నెలల తరువాత ఆర్డరు వచ్చింది, పెళ్ళయింది. ప్రెసిడెంటమ్మ హాజరయింది కాబట్టి ఆ రోజు ఎంట్రీ కూడా నేనే రాయాలి. పెళ్ళిపీటల మీదే రిజిస్టరు పక్కన పెట్టుకుని, మూడో ముడి పడ్డాక, పట్టి లాగి చూసి, అప్పుడు పెన్ను తీశాను. హాజరు ఎంతమందని అడిగితే పోచయ్య మామ ముందు వరుసలోంచి అరిచాడు: "రెండు వేలు రాయవయ్యా!" భోజనాల విస్తళ్ళు చూసి నూట అరవై రాశాను. ఆయన నాతో వారం మాట్లాడలేదు.

కాబట్టి, పొట్టి సంతకం సాక్షిగా, ఎర్ర సిరా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఏదీ జరగకముందు రాయను. మనిషి చావు రాయను, ముహూర్తం రాయను, ఆకాశంలో మబ్బు రాయను. చివరికి ఈ పేజీ కింద 'చదివినవారు పడీ పడీ నవ్వినారు' అని రాయాలని చెయ్యి ఎంత లాగుతున్నా, రాయను.

మీరు కానివ్వండి. నేను పెన్ను పట్టుకుని ఇక్కడే కూర్చుంటాను.