నల్ల అంచులో నీలం

ఆ చీర అంచు పాడుచేసింది నా భార్య పద్మ కాదు, నేను. చీరలు నేయించే సేటు ముందు ఆ రోజు ఈ మాట మింగేశాను. ఎవరేమనుకున్నా సరే, ఇప్పుడు రాస్తున్నాను.

మాది గద్వాల. నేను మగ్గం నేస్తాను, పద్మ దారం కండెలు చుడుతుంది. ఎండాకాలం మొదట్లో ఒక చీరకు నల్ల అంచు నేస్తూ, జానెడు మేర ముదురు నీలం దారం నేసేశాను. నాకు రెండూ ఒకటిగానే కనిపించాయి. సేటు చీర విప్పి "ఏందిది?" అన్నాడు.

"ఆమెనే కండె మార్చి ఇచ్చింది" అన్నాను.

పద్మ నా వైపు చూసింది. రంగులు తెలియని మనిషని ఆమెకు పేరుపడింది. ఇతర మగ్గాల వాళ్లు ఆమెకు కండెలు చుట్టే పని ఇవ్వడం మానేశారు.

ఆ ఎండలకు పెరడంతా మాడిపోయింది. బియ్యం కడిగిన నీళ్లు పోసి పద్మ చామంతి మొదళ్లను మాత్రం బతికించుకుంటోంది. ఎండుపుల్లలనుకుని నేను వాటిని పీకి పారేశాను.

"అయ్యో, పచ్చగ పిలకలున్నయి గదయ్యా! కండ్లు కనబడ్తలేవా?"

"నా కండ్లకేమైంది? నీ నోరే పెద్దగైంది."

ఆమె ఒక పిలకా ఒక ఎండుపుల్లా నా ముందు పట్టింది. "ఇందుల పచ్చది ఏది?"

రెండూ మట్టిరంగుగానే కనిపించాయి. ఆమె పిలకలను మళ్లీ నాటి, "రేపు దవాఖానకు పోదం" అంది.

వనపర్తిలో డాక్టరమ్మ చుక్కలు వేసి చూసింది. "రెండు కళ్లకూ క్యాటరాక్ట్. షుగర్ ఉందా?" ఉంది. గోళీలు మానేసి ఏడాదైంది. "కంట్రోల్ కాకుండా ఆపరేషన్ చెయ్యను" అని పంపేసింది. రెండోసారి వెళ్లినా షుగర్ ఎక్కువే.

"ఇగ మగ్గం ఇడిచిపెట్టు మామా" అన్నాడు పక్కింటి నేతగాడు.

"అది నన్ను ఇడిచినప్పుడు చూద్దంలే" అన్నాను. అన్నం తగ్గించి, జొన్నరొట్టె తిని, గోళీలు వదలకుండా మింగాను. మూడోసారి డాక్టరమ్మ ఒప్పుకుంది. వానలు పడుతుండగా ఒక కంటికి, అవి వెనకబట్టాక రెండో కంటికి లెన్స్ వేశారు.

పట్టీ తీశాక పెరట్లోకి వచ్చి నిలబడిపోయాను. బంతి పసుపు. సీతజడ ఎరుపు. నేను పీకిన చామంతుల నిండా మొగ్గలు. కంచె మీద శంఖుపూలు ఇన్నాళ్లూ నల్లటి పేలికల్లా కనిపించేవి. నీలం! ఆ కండె నీలమే.

"కంట్ల నీళ్లు పడొద్దన్నది డాక్టరమ్మ. ఏడ్వకు" అంది పద్మ వెనకనుంచి.

ఇప్పుడు మళ్లీ నేస్తున్నాను. గోళీ తప్పను. నా తోటివాళ్లకు ఒకటే చెబుతాను: నెలకోసారి ఒక్కో కన్ను మూసుకుని, రెండో కంటితో ఇంట్లో రంగులు చూసుకోండి. తేడా ఉంటే ఇంట్లోవాళ్ల మీద అరవకండి, దవాఖానకు వెళ్లండి.

పట్టీ తీసిన వారమే పద్మను వెంటబెట్టుకుని సేటు ఇంటికి వెళ్లాను. నేతగాళ్లు నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్లూ వింటారు, మంచిదే అనుకున్నాను.

"సేటూ, ఆమె నల్ల కండెలే ఇచ్చింది. నీలం కండె గంపల నుంచి తీసుకున్నది నేను. కనబడ్తలేదని చెప్పనీకి సిగ్గై ఆమె మీద పెట్టిన."

పద్మ వైపు తిరిగాను.

"నీ పేరు ఖరాబ్ చేసిన. తప్పైంది. మాఫ్ చెయ్."