నర్సమ్మ అనని మాట

ఇన్నేళ్లుగా ఒక అబద్ధం నా గుండెల మీద కూర్చుని ఉంది. నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియాల్సిన పనీ లేదు. ఇది చదివాక నా గురించి ఏమనుకుంటారో అని ఇప్పటికే అనుమానం. నా బుద్ధే అంత. పాలవాడు ఒకరోజు చిక్కటి పాలు పోస్తే, ఇవాళ ఏం కలిపాడా అని చూసే రకం నేను.

అప్పట్లో భవానీపురంలో బస్సెక్కి, ఇబ్రహీంపట్నం దాటాక ఒక ఊరి హైస్కూలుకి వెళ్లేదాన్ని. సైన్సు టీచర్ని. ఆడపిల్లల ఆరోగ్యం క్లాసు కూడా నా నెత్తినే పడింది. నెలనెలా ప్యాడ్ల ప్యాకెట్లు పంచడం, ఐరన్ మాత్రలు మింగించడం, పెద్దమనిషి అయ్యాక ఒంట్లో ఏం జరుగుతుందో చెప్పడం. మాత్రలు తెచ్చే నర్సమ్మ నా పక్కనే కూర్చునేది. పిల్లలు నాకంటే ఆవిడనే ఎక్కువ అడిగేవాళ్లు. మొదట్లో ఒకటి రెండేళ్లు నెలసరి తప్పుతూ వచ్చినా కంగారు పడొద్దని, గోడకి చార్టు తగిలించి మరీ చెప్పింది మాత్రం నేనే.

ప్యాకెట్లు పంచే రోజు ఏ పిల్లా వద్దనదు. తనకి అవసరం లేకపోతే అక్కకో వదినకో ఇస్తుంది. తొమ్మిదో తరగతి ఎస్తేరు మాత్రం తనది తెచ్చి నా బల్ల మీద పెట్టింది. రెండు నెలలుగా ఇచ్చినవి విప్పనే లేదు మేడమ్, ఇంకెవరికైనా ఇవ్వండి అంది.

అలాంటి పిల్లని మెచ్చుకోవాలి కదా? నేను అనుమానపడ్డాను. విప్పలేదంటే ఏమిటి అర్థం? నేను చెప్పిన పాఠం నాకే గుర్తు రాలేదా? వచ్చింది. ఆ పిల్ల విషయంలో నమ్మబుద్ధి కాలేదు. మా వీధి పిల్లయితే ఇలాగే అనుకునేదాన్నా? అనుకోను. చర్చి వెనక పేటలో ఉంటుంది, తల్లి కూలికి పోతే ఇంట్లో ఒక్కతే, అందరితో నవ్వుతూ మాట్లాడుతుంది. నాకు ఆ సాక్ష్యం చాలింది. ఆ పిల్లనైనా, నర్సమ్మనైనా ఒక్క మాట అడగలేదు. అడిగితే నా అనుమానం తప్పని తేలిపోతుందని భయపడ్డానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

తల్లి మరియమ్మని పిలిపించి గేటు దగ్గర చెప్పాను.

“మీ అమ్మాయిని ఆస్పత్రిలో చూపించు మరియమ్మా. రెండు నెలలుగా నెలసరి రాలేదు. ఆలస్యం చేస్తే పరువు పోతుంది.”

ఆవిడ మొహం పాలిపోయింది.

“ఎవరన్నారండీ ఆ మాట?”

రేపు పేట జనమంతా వచ్చి నన్ను నిలదీస్తే?

“నేనెందుకంటాను? నర్సమ్మకే అనుమానంగా ఉందంట.”

“నర్సమ్మ గారే అన్నారాండీ?”

“ఆవిడే.”

మరియమ్మ ఇంటికెళ్లి పిల్లని చావబాదింది. మర్నాడు విజయవాడలో చూపిస్తే, ఏమీ లేదు, రక్తం తక్కువగా ఉంది, ఈ వయసులో నెలలు తప్పడం మామూలే అన్నారట డాక్టరు. అచ్చం నా చార్టులో మాటే. కానీ ఇరుగుపొరుగు విన్నది ముందురోజు అరుపుల్ని, డాక్టరు మాటని కాదు. ఎస్తేరు మళ్లీ బడికి రాలేదు.

నర్సమ్మని పేటలో ఎవరూ గడప తొక్కనివ్వలేదు. ఆవిడిచ్చిన మాత్రలు పిల్లలు కాలవలో పారేశారు. ఒకరోజు ఆవిడ స్టాఫ్‌రూముకి వచ్చి, నేను అనని మాట నా మీద ఎవరు వేశారో మీకేమైనా తెలుసా మేడమ్ అని ఏడ్చింది. టీ తెప్పించాను. జనం అంతేలెండి, పట్టించుకోకండి అన్నాను. నన్ను అనుమానించిందేమోనని తర్వాత ఎన్నిసార్లు ఆవిడ మొహంలోకి చూశానో. లేదు, పిచ్చిది, నన్ను నమ్మింది. చివరికి బదిలీ చేయించుకుని వెళ్లిపోయింది. ఇక ఏ పిల్లా నోరు తెరిచి ఏదీ అడగలేదు. మా బడిలో సమస్యలే లేవని పైవాళ్లు మెచ్చుకున్నారు కూడా. సిగ్గులేకుండా నవ్వాను.

మొన్న గన్నవరంలో ఒక బట్టల కొట్టుకి వెళితే, చీరలు చూపించడానికి వచ్చింది ఎస్తేరు. తనే గుర్తుపట్టి కుర్చీ వేసింది. వెటకారమేమో అనుకున్నాను. కాదు, నిజంగానే సంతోషపడింది. కూతురు నాలుగో తరగతట. నర్సులంటే తనకి నమ్మకం పోయిందని, బడిలో వాళ్లేం ఇచ్చినా మింగొద్దని, ఒంట్లో బాగోకపోయినా వాళ్లకి చెప్పొద్దని కూతురికి నేర్పిందట. ఏదైనా ఉంటే మీలాంటి టీచరుకే చెప్పమన్నాను మేడమ్ అంది.

మంచిపని చేశావమ్మా అన్నాను. అనేశాను! ఏదో ఒక చీర తీసుకుని బయటపడ్డాను.

అక్కడ చెప్పలేనిది మీకు చెబుతున్నాను. నర్సమ్మకి ఏ అనుమానమూ లేదు. అనుమానం నాది, ఆ మాటా నాదే. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఎస్తేరు మాత్రం ఇంకా తన కూతుర్ని నాలాంటి వాళ్ల దగ్గరికే పంపుతోంది.