ఎర్రపెన్ను దిద్దిన జీతం

శ్రీహరికోటలో రాకెట్టు లేచే ముందు అంకెలు వెనక్కి లెక్కపెడతారు. ఆ లెక్క తప్పకపోవడానికి కారణం వాళ్ళ కంప్యూటర్లు కాదు, గంగాభవాని టీచరు ఎక్కడినుంచో వింటూ ఉంటుందన్న భయం. ఆమె కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి ఒక్క చూపు చూసిందంటే, నిప్పు ముట్టించకపోయినా రాకెట్టు లేచిపోతుంది. ఇదంతా ఆమె మనవరాలు వినీల మాట. వినీల ఇంటర్ తప్పి చదువు మానేసింది కాబట్టి రాకెట్ల గురించి ఇంతకంటే తెలియదు.

గంగాభవాని జువ్వలదిన్నెకు దగ్గర్లోని ఒక ప్రైవేటు బడికి పందొమ్మిదేళ్ళుగా హెడ్‌మిస్ట్రెస్. అరవై ఒకటో ఏట కూడా చేతిసంచిలో ఎర్రపెన్ను లేకుండా గడప దాటదు. ఇంటికి శుభలేఖ వస్తే ముందు తప్పులు దిద్ది, తర్వాత ఎవరి పెళ్ళో చూస్తుంది. భర్త పోయినప్పటినుంచి ఆమె జీతం మీదే కూతురూ మనవరాలూ బతుకుతున్నారు.

ఈ జూన్‌లో ఆ బడికి రెండో బ్రాంచి తెరిచారు. దానికి హెడ్‌మాస్టరు నరేంద్రబాబు. ఒకప్పుడు ఆమె దగ్గరే ఎక్కాలు నేర్చుకున్నవాడు. ముప్పై నాలుగేళ్ళు వచ్చినా ఏ కాగితాన్నైనా ఆమెకు చూపించనిదే ఎవరికీ ఇవ్వడు. ఒక ఆదివారం ఇంటి అప్పుకు పెట్టుకునే ఫారం తెచ్చి, "ఒకసారి చూడండి మేడమ్" అని బల్ల మీద పెట్టాడు.

నెలజీతం అన్నచోట నలభై రెండు వేలు అని ఉంది.

"ఒరే నరేంద్రా, నీకు తొందరపాటు ఇంకా పోలా" అంటూ ఆమె ఆ అంకెను కొట్టేసి, పైన ఇరవై ఆరు వేలు అని రాసి, పక్కన పొడి సంతకం కూడా చేసింది. ఆమె జీతం అంతే మరి. పైగా ఆమె బళ్ళోనే పిల్లలు ఎక్కువ.

నరేంద్రబాబు చెవులు ఎర్రబడ్డాయి. "అది తప్పు కాదు మేడమ్."

ఆమె ఫారాన్ని వెనక్కి తిప్పి చూసింది. అక్కడేమీ లేదు.

"ఇంత ఎట్ట అడిగినావురా?"

"నేను అడగలా మేడమ్. వాళ్ళే ఇచ్చినారు."

ఆ మాటే ఆమెకు బొత్తిగా అర్థం కాలేదు. అడగకుండా పెరిగే జీతం ఒకటి ఉంటుందని ఆమె ఎన్నడూ వినలేదు. ఆ పూట చేపల పులుసులో చింతపండు మర్చిపోయింది. వినీల రెండు ముద్దలు తిని, "అవ్వా, చేపలకు స్నానం చేయించినావా?" అంది. గంగాభవాని నవ్వనూ లేదు, తిట్టనూ లేదు. వినీలకు అప్పుడు భయం వేసింది.

సోమవారం ఆమె బడి కరస్పాండెంటు పద్మనాభయ్య ఎదుట కూర్చుంది.

"నరేంద్రకు నాకంటే ఎందుకు ఎక్కువ సార్?"

"ఆయనకు ఇల్లు గడవాల గదమ్మా. పెళ్ళాం, బిడ్డలు."

"నాది ఇల్లు కాదా?"

పద్మనాభయ్య ఇబ్బందిగా కదిలి, బీరువాలోంచి పాత ఫైలు తీశాడు. "ఈ పద్ధతి మీరు పెట్టిందే గదమ్మా" అంటూ ఒక కాగితాన్ని ముందుకు తోశాడు.

పదకొండేళ్ళ కిందటిది. ఎవరికి ఎంత ఇవ్వాలో రాయమంటే ఆమె రాసి ఇచ్చింది. వాచ్‌మన్ ముత్యాలయ్యకు ఎనిమిది వేలు. ఆయా రెజీనాకు ఐదున్నర. రెజీనా పేరు పక్కన గుండ్రటి అక్షరాలతో, 'భర్త చేపల వేటకు పోతాడు, చాలు' అని ఉంది. తర్వాత ఇద్దరికీ పెంచారు గానీ మధ్య తేడా అలాగే ఉండిపోయింది.

బయట రెజీనా పద్నాలుగు గదులూ ఊడ్చి, చిన్నపిల్లల ముక్కులు తుడుస్తోంది. ముత్యాలయ్య గేటు దగ్గర కుర్చీలో ఉన్నాడు. గంగాభవాని రోజూ చూసేదే. ఆమె రెజీనాను పిలిచి ఆ ముక్క చదివి వినిపించింది. ఎందుకు వినిపించిందో ఆమెకే తెలియదు.

రెజీనా చేతిలోని గుడ్డ భుజాన వేసుకుంది. "ఎండాకాలం రెండు నెలలు సర్కారోళ్ళు సముద్రం మీద వేటకు పోనియ్యరు గదా మేడమ్. ఆ రెండు నెలలన్నా పెంచుండొచ్చు" అంది. కోపంగా కాదు, వంకాయల ధర చెప్పినట్టు.

ఇంటికొచ్చి గంగాభవాని మనవరాలిని అడిగింది. "నాకు అన్యాయం జరిగిందా, నేను చేసినానా?"

"ఇది ఇంటర్‌లో లేదవ్వా. ఉంటే పాసయ్యేదాన్నే."

మర్నాడు ఆమె ఆ ఫైలు అడిగి తీసుకుంది. 'చాలు' అన్నదాన్ని ఎర్రపెన్నుతో కొట్టేసి, ముత్యాలయ్యతో సమానం అని రాసింది. కింద తన పేరు చేర్చి, నరేంద్రబాబుతో సమానం అని రాసింది. రెండూ తేలేదాకా ఈ ఏడాది ఒప్పందం మీద సంతకం పెట్టనంది.

రెజీనాకు ఆ నెలే పెంచారు. గంగాభవానిది మాత్రం "చూద్దాం లేమ్మా" దగ్గరే ఆగింది. ఒప్పందం ఇంకా సంతకం లేకుండా చేతిసంచిలోనే ఉంది. గెలిచిందో ఓడిందో ఆమెకు తెలియదు, ఇంట్లో ఎవరికీ తెలియదు.

వినీల ఇదంతా రాసి ఆమెకు చదివి వినిపించింది. చివర్లో కొంచెం జంకింది. "రెజీనా పేరు పక్కన నువ్వు రాసిన మాట తీసేద్దామా అవ్వా? చదివినోళ్ళు నిన్ను తక్కువగా అనుకుంటారు."

గంగాభవాని కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చింది.

"తీసేస్తే నీ రాకెట్టు తీసెయ్. ఆ మాటను ముట్టుకోబాక. అది నా చేత్తో రాసింది."