మేత బీడులో బాట వేసిన ఏడాది

మా అత్తవారి ఊరు నల్లమల అంచున, పెద్దారవీడుకు పడమటగా ఉండేది. మద్రాసు ప్రభుత్వం నడుస్తున్న రోజులు. నేను కాపురానికి వచ్చిన ఏడాదే ఊరి పెద్దలు అడవి ఆఫీసు అనుమతి తెచ్చి, మేత బీడు గుండా బస్సు రోడ్డు దాకా బాట వేయడం మొదలుపెట్టారు. అంతకుముందు అక్కడ గొర్రెలు నడిచిన సన్నని జాడ మాత్రమే ఉండేది. ఊళ్లోకి అప్పుడప్పుడే సైకిళ్లు వస్తున్నాయి. నడిచేవాళ్లు పక్కకు తప్పుకోకుండానే సైకిలు పోయేంత వెడల్పు ఉండాలని పని చేయించే మేస్త్రి పట్టుబట్టాడు. రోడ్డు వైపు నుంచి ఊరి వైపుకు వేసుకుంటూ వచ్చాం. మగవాళ్లు గునపాలతో రాళ్లు పెకలించేవారు. ఆడవాళ్లం కంప కొట్టి, గంపలతో గరుసు మోసి పోసేవాళ్లం.

ఆ పనంటే నాకు మొదటి రోజు నుంచీ భయమే. నేను పుట్టింది హనుమంతునిపాడు వైపు. అక్కడ ఎటు చూసినా మెట్ట చేలే. ఎంత దూరాన మనిషి వస్తున్నా కనిపించేది. ఇక్కడ పక్క పొదలో ఏముందో తెలియదు. సీతాఫలాలు పండే కాలం. వాటి కోసం ఎలుగుబంటి తిరుగుతోందని గొర్రెల కాపర్లు చెప్పారు. ఆకు కదిలితే నా చేతిలో గంప జారిపోయేది.

మా అత్త నన్ను ఎప్పుడూ తన వెనకే ఉంచుకునేది.

"నేను ముందుండానుగా, నీకేంది భయం?" అనేది.

ఒక మధ్యాహ్నం సద్ది తిని లేచాక ఆమె రేగుకంప నరకడానికి ముందుకు పోయింది. పొదలోంచి నల్లగా ఏదో లేచింది. ఎలుగుబంటి అని నాకు తట్టేలోపే అత్త కింద పడిపోయింది. నేను ఉన్నచోటే నిలబడిపోయాను. మగవాళ్లు గునపాలు రాళ్లకేసి కొడుతూ, కేకలు వేస్తూ పరుగెత్తుకొచ్చారు. అది ఆమెను వదిలి కొండ వైపు పోయింది.

అత్త భుజం చీలి నెత్తురు కారుతోంది. మా ఆయన తలగుడ్డ విప్పి బిగించి కట్టాడు.

"మోసుకొని పోతే ఆలస్యమైతది తమ్ముడూ. నా సైకిల్ మీద కూసోబెట్టు" అన్నాడు మేస్త్రి.

ఆయన హ్యాండిల్ పట్టుకున్నాడు. చెరో పక్క నేనూ మా ఆయనా అత్తను పట్టుకొని నడిచాం. గరుసు పోసిన నేల మీద చక్రాలు కుదుపు లేకుండా పోతున్నాయి. నా చూపు మాత్రం పొదల మీదనే ఉంది.

"అది మళ్లీ వస్తదా అత్తా?" అని అడిగాను.

ఆమె కళ్లు తెరవకుండానే అంది: "పొదల్ని గాదమ్మా, దావను చూడు. రాయి తగిలితే నాకు నొస్తది."

రోడ్డెక్కాక బొగ్గుతో నడిచే బస్సు దొరికింది. మార్కాపురం ఆస్పత్రిలో కుట్లు వేశారు. అత్త బతికింది కానీ ఆ చెయ్యి మళ్లీ భుజం పైకి లేవలేదు.

ఇంటికి వచ్చాక, ఇక పనికి పోలేనని ఏడ్చాను. తిడుతుందనుకున్నాను.

"పోవద్దులే" అంది. "నాకూ మొదటి నుంచి భయంగానే ఉండె. ఇద్దరం భయపడితే ఎట్లని చెప్పలే."

డబ్బాలు కొడుతూ, మంటలు వేస్తూ మిగిలిన పని మగవాళ్లు ముగించారు. ఊరంతా ఆ బాటన నడిచింది, సైకిళ్లు తొక్కింది. నేను మాత్రం చాలా ఏళ్లు ఎవరో ఒకరి వెంటే పోయేదాన్ని. తోడు దొరక్కపోతే ప్రయాణమే మానుకునేదాన్ని.