ఇంకా పైకి పోనీయమన్నది మా బాబాయే

మా బాబాయి మిరపచేలో జరిగిన అనర్థం గురించి ఊళ్లో నేను తప్ప అందరూ మాట్లాడారు. టీ బంకు దగ్గర నేను నోరు తెరిస్తే చాలు, "నీ సంగతి తెలిసిందేలే" అని గ్లాసు చేతిలో పెడతారు. నేను టీ తాగేలోపు కథంతా వాళ్లే చెప్పేసుకుంటారు, అందులో నేనే వెర్రివాణ్ని. ఇన్నాళ్లూ నా వైపు మాట విన్నవాడు లేడు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. పెద్దమనుషుల తెల్లబట్టలు పాడైన మాట నిజమే. ఎవరి వల్ల పాడయ్యాయో మీరే తేల్చండి.

డ్రోన్ నడపడం నేర్చుకుని, పరీక్ష పాసై, నకరికల్లు దగ్గర మా ఊరికి తిరిగొచ్చిన కొత్త రోజులవి. గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు ఎలా తెలుస్తుందో, ఆకాశంలో ఎక్కడ ఎగరొచ్చో ఎక్కడ కూడదో, దిక్కును డిగ్రీల్లో ఎలా చెప్పాలో, అన్నీ నా నాలుక చివర ఉండేవి. ఎవరూ అడక్కపోయినా చెప్పేవాణ్ని. ఊరి మిరపకు నల్ల తామరపురుగు తగిలింది. మందు కొట్టే పని నా డ్రోన్‌కి ఇవ్వాలా, మా బావ కోటేశు ట్రాక్టర్ స్ప్రేయర్‌కే ఉంచాలా అని తేల్చడానికి పెద్దలు మా బాబాయి వీరయ్య చేను దగ్గర చేరారు. ఆ పని నాకు రాకపోతే ఇక డ్రోన్ మీద బట్టలు ఆరేసుకోవడమే.

బావ కూడా వచ్చాడు. నవ్వుకుంటూ వచ్చాడు, అదే నాకు నచ్చలేదు. తన పొట్ట కొట్టే యంత్రాన్ని చూడటానికి నవ్వుతూ వచ్చేవాణ్ని మీరెక్కడైనా చూశారా? డ్రోన్‌లో కంపాస్ ఉంటుంది, పక్కన ఇనుముంటే దిక్కు తప్పుతుంది. అందుకని అతని మొలతాడుకున్న తాళంచెవుల గుత్తి తీసి దూరంగా పెట్టమన్నాను.

"మొలతాడు కూడా ఇయ్యాలా?" అన్నాడు.

"అది వెండిదేగా, ఉంచుకో" అన్నాను. నా అనుమానం మాత్రం తీరలేదు.

కాలవకట్ట మీద డ్రోన్ పెట్టి, మంచాల మీద కూర్చున్న పెద్దలకు పాఠం మొదలుపెట్టాను. ఇక్కడి నుంచి లేస్తోంది కాబట్టి దీనికి ఇదే సున్నా అనీ, సముద్రం నుంచి కొలిస్తే లెక్క వేరే అనీ వివరించాను.

"సముద్రంతో మనకేం పనిరా? పురుగు చేలో ఉంది" అన్నాడు బాబాయి.

ట్యాంకులో పోసింది చేపలూ బెల్లమూ మురగబెట్టిన కషాయం. పురుగుమందు కాకపోవడం నా అదృష్టం, పెద్దలది కూడా. ఆ కంపుకు బాబాయి ముఖానికి తుండు చుట్టుకుని, గొడుగు వేసుకుని చేలోకి దిగాడు. ఆకు తడిసిందో లేదో కిందికి చూసి ఫోన్‌లో చెప్పడం ఆయన పని. మొదటి మడి చక్కగా అయింది.

"ఈడ సరిపోయింది. ఇంక పైకి పోనియ్" అన్నాడు.

లేపాను.

"ఈ మడిలో చుక్క పడలేదేందిరా? పైకి, ఇంకా పైకి."

ఇంకా లేపాను. అప్పుడు బావ నా వెనకకు వచ్చాడు.

"ఒరేయ్, పైకంటే ఆకాశంలోకి కాదురా. మాచర్ల దిక్కుకి."

ఆ మాటతో నా అనుమానం రుజువైపోయింది. మాచర్ల దాటితే ఏముంది? సాగర్ డ్యామ్. దాని మీద ఎగరేయకూడదని నాకు మొదటి రోజే నేర్పారు. "నన్ను పోలీసులకు పట్టిద్దామనా బావా?" అన్నాను.

"డ్యామ్ ఏడుంది, నీ డ్రోన్ ఏడుంది? పై మడికి తోలమంటన్నాడు మీ బాబాయి."

గిట్టనివాడు ఒకటి చెబితే దానికి ఎదురు చేయడమే క్షేమమని మరికాస్త లేపాను. డ్రోన్ జోరీగంత అయింది. పైన గాలి ఎటు వీస్తోందో నేను చూసుకోలేదు. మంచాల మీద సన్నగా జల్లు మొదలైంది.

"మబ్బు లేదే, వానేంది?" అంటూ మాజీ సర్పంచి గారు ముఖం తుడుచుకున్నారు. తరవాత చెయ్యి వాసన చూసుకున్నారు. పక్కవాళ్లు తమ చొక్కాలు వాసన చూసుకున్నారు.

"వీరయ్యా, మీ వోడు పురుగుకి కొట్టమంటే ఊరికి కొట్టాడయ్యా" అన్నారు మాజీ సర్పంచి గారు.

మా కాలవ సాగర్ నుంచి వస్తుంది. నీళ్లు వచ్చే వైపు పైన, పోయే వైపు కింద. ఇది నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. కానీ చేతిలో రిమోటు ఉన్నవాడికి పైకి అంటే పైకే కదా. దించాను. బావ పక్కన నిలబడి ఎటు పోవాలో చెబుతుంటే పై మడి ఇట్టే అయిపోయింది. పెద్దలు కంపు కొడుతూనే తీర్పు చెప్పారు. పని డ్రోన్‌కే ఇచ్చారు, కానీ ఒక షరతు పెట్టారు.

"ఈడు తిప్పాల, కోటేశు చెప్పాల."

అప్పటి నుంచి ఊళ్లో మా బావను పైలట్ గారు అంటున్నారు. పరీక్ష పాసైన నన్ను పైలట్ గారి బామ్మర్ది అంటున్నారు.

సాగర్ కుడికాలవ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పైకి అన్న మాట విని ఈ జన్మలో మళ్లీ డ్రోన్ లేపను. కానీ నాకు పాఠం చెప్పినవాళ్లు సముద్రం నుంచి ఎత్తు చెప్పారు, నేల నుంచి ఎత్తు చెప్పారు, కాలవ నుంచి ఎత్తు ఎందుకు చెప్పలేదు? ఫోన్ చేసి అడిగితే చూద్దాం అంటారు. బాబాయిని అడిగితే తుండు అడ్డం పెట్టుకుని నవ్వుతాడు. ఎవరో ఒకరు ఇప్పటికైనా జవాబు చెప్పాలి. పైకి అంటే ఎటు? నోటితో చెప్పొద్దు, చేత్తో చూపించండి.